రెండు మొదళ్ళ పుస్తకం

యూనివర్సిటీ గేటుకి ఎదురుగా, జిరాక్సు కొట్టుకీ కళ్ళజోళ్ళ కొట్టుకీ మధ్య ఇరుక్కుని ఒక బైండింగ్ కొట్టు ఉంది. ఇద్దరు లోపలికి వెళ్తే మూడోవాడు బయట నిలబడాలి. అంత చిన్న కొట్టులోంచి ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఎంతమంది డాక్టర్లయి బయటికి వచ్చారో ఎవరికీ తెలియదు. మందులిచ్చే డాక్టర్లు కాదు, పరిశోధన చేసిన డాక్టర్లు. ఎంత గొప్ప సిద్ధాంతం కనిపెట్టినా చివరికి ఆ కాగితాల కట్ట చంకన పెట్టుకుని ఈ గుమ్మం ముందు నిలబడి, "అంకుల్, రేపటికల్లా ఇవ్వకపోతే చచ్చిపోతాను" అనాల్సిందే. ఎవరూ చచ్చిపోలేదు. ఆయన రేపటికల్లా ఇచ్చేసేవాడు.

ఆయన్ని అందరూ అట్టలాయన అంటారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనిపించదు. మనిషి సన్నగా, కాస్త ముందుకు వంగి ఉంటాడు. కుడిచేతి చూపుడువేలికి దారం ఒరుసుకుని కాయ కాసింది. పని మొదలుపెడితే పక్కన పిడుగు పడ్డా తల ఎత్తడు. బైండు చేసిన పుస్తకాన్ని ఇచ్చే ముందు ఆయనకొక అలవాటుంది. దాన్ని రెండు చేతులతో పైకెత్తి నేలకేసి కొడతాడు. మూడేళ్ళు కష్టపడి రాసుకున్న పిల్లలు గుండె జారిపోయి కెవ్వుమనేవాళ్ళు. ఆయన మాత్రం తాపీగా పుస్తకం తీసి, దుమ్ము దులిపి, "చదివేవాడికి వెన్నునొప్పి వస్తే రావచ్చు గానీ పుస్తకానికి రాకూడదు" అని చేతికిచ్చేవాడు.

రెండేళ్ళ కిందట యూనివర్సిటీ ఒక కాగితం అతికించింది. ఇకమీదట సిద్ధాంత గ్రంథాలు కాగితం మీద ఇవ్వక్కర్లేదు, కంప్యూటర్లో పంపితే చాలు. కాగితాలు అక్కర్లేదని చెప్పడానికి కాగితమే అతికించారని అట్టలాయన నవ్వాడు. ఆ నవ్వు ఒక్కరోజుకే సరిపోయింది.

తర్వాత పని తగ్గిపోయింది. తగ్గిపోవడమంటే అలా ఇలా కాదు, జిగురు డబ్బాలోనే ఎండిపోయేంత. అయినా రోజూ తొమ్మిదింటికి కొట్టు తెరిచేవాడు, స్టూలు మీద కూర్చునేవాడు, రోడ్డు వైపు చూసేవాడు. తోచీ తోచనమ్మ తోడికోడలు పుట్టింటికి వెళ్ళిందట. ఈయనకి ఆ దారి కూడా లేదు.

భార్య మందుల షాపులో పనిచేస్తుంది. డాక్టరు ఏ వంకర గీత గీసినా చదివేసే మనిషి, మొగుడి ముఖం చదవలేదా? సాయంత్రం ఇంటికొచ్చి గోడని చూస్తూ భోంచేసే మనిషిని రెండేళ్ళు చూసింది. ఒకరోజు కంచం ముందు పెట్టి తేల్చి చెప్పింది.

"కొట్టు మూసెయ్యండి. మా తమ్ముడి పలకల షోరూములో మనిషి కావాలట. నేల మీద పరిచే పలకలు చూపించడమే పని. నలుగురితో మాట్లాడినట్టూ ఉంటుంది."

"ఇంకో ఆర్నెల్లు చూద్దాం."

"ఆర్నెల్లు ఆర్నెల్లు అంటూ నాలుగు ఆర్నెల్లయింది. మిమ్మల్నిలా చూడలేకపోతున్నానండీ నేను."

ఆ చివరి మాట దగ్గర ఆయన ఓడిపోయాడు. వచ్చే నెల కాక ఆ పై నెల ఒకటో తారీఖున పలకల షోరూములో చేరతానని బావమరిదికి మాట ఇచ్చాడు. మాట ఇస్తే తప్పే మనిషి కాదు. అదే ఆయన గొప్పతనమూ, అదే ఆయన తంటా కూడాను.

సరిగ్గా ఆ వారంలోనే యూనివర్సిటీ మేడమ్ వచ్చింది. విదేశీ సంబంధాల విభాగం చూసే ప్రొఫెసరమ్మ. ఆవిడ సగం వాక్యం చెప్పేసరికి మిగతా సగం ఫోను మోగి ఎగిరిపోతుంది. అయినా విషయం అర్థమైంది. ఇక్కడి యూనివర్సిటీ, ఎక్కడో సముద్రం అవతలి యూనివర్సిటీ కలిసి, రెండు ప్రాంతాల వర్తక సంఘాలతో చేయి కలిపి, పిల్లలకి సొంతంగా వ్యాపారం పెట్టుకోవడం నేర్పుతారట. అక్కడి నుంచి నలభై మంది, ఇక్కడి నుంచి నలభై మంది. ఆరు వారాల కోర్సు. మన పిల్లలకి మన భాషలో, వాళ్ళ పిల్లలకి వాళ్ళ భాషలో పాఠాల పుస్తకం. మొత్తం ఎనభై పుస్తకాలు, శనివారానికి కావాలి. అట్ట మీద బంగారు అక్షరాలతో కోర్సు పేరు ఉండాలి.

"పేరేంటి మేడమ్?"

"రాసుకోండి. విశ్వవిద్యాలయాల మరియు ప్రాంతాల అంతర్జాతీయ సహకారంతో ఔత్సాహిక వ్యాపార విద్యా ప్రోత్సాహక ఉమ్మడి కార్యక్రమం."

అట్టలాయన రాయడం ఆపి తలెత్తాడు. "ఇంకా ఉందా?"

"లేదు, అంతే."

"పుస్తకం పక్కన పెట్టండి మేడమ్, ఈ పేరుకే ఒక బైండు కావాలి."

ఆవిడ నవ్వేసి, మోగుతున్న ఫోనుతో వెళ్ళిపోయింది. ఆయన మాత్రం లోపల పొంగిపోయాడు. పోతే పోయింది, కొట్టు చివరి పనైనా ఘనంగా వచ్చింది అనుకున్నాడు.

ఇక్కడే ఒక సంగతి చెప్పాలి. ఆ సముద్రం అవతలి వాళ్ళ భాష కుడి నుంచి ఎడమకు రాస్తారు. వాళ్ళ పుస్తకం కూడా మనకి చివర అనిపించే వైపు నుంచి మొదలవుతుంది. ఈ సంగతి మేడమ్‌కి తెలుసు, ప్రింటరుకి తెలుసు. ముప్ఫై ఏళ్ళ అనుభవం ఉన్న మనిషికి తెలియకుండా ఉంటుందా అని ఆయనకి మాత్రం ఎవరూ చెప్పలేదు.

అచ్చయిన కాగితాలు వచ్చాయి. మన భాషవి సవ్యంగానే ఉన్నాయి. అవతలి వాళ్ళవి చూస్తే, పైనున్న కాగితానికి కుట్టుకోసం వదిలే ఖాళీ కుడివైపు ఉంది. అట్టలాయన కళ్ళజోడు సవరించుకుని చూశాడు. ఇంకో కట్ట చూశాడు. అన్నీ అంతే. చిన్నగా నవ్వుకున్నాడు. ప్రెస్సువాడు కట్టలన్నీ బోర్లా పెట్టి పంపాడు, పాపం కుర్రాళ్ళు, పని రాదు అనుకున్నాడు. నలభై కట్టల్నీ ఒక్కొక్కటిగా తిరగేసి, కుట్టు ఎడమకి వచ్చేలా పెట్టి, పైకి వచ్చిన కాగితం మీద బంగారు అక్షరాల అట్ట వేశాడు. ఆ పైకి వచ్చిన కాగితం చివరి పుట. చేతకానివాడైతే ఉన్నదున్నట్టు కుట్టేసి బతికిపోయేవాడు. పనితనం ఉన్నవాడు కాబట్టి, ఒకటి కాదు రెండు కాదు నలభై పుస్తకాలు ఎంతో శ్రద్ధగా తప్పుగా చేశాడు.

శనివారం మధ్యాహ్నం మేడమ్ వచ్చింది. వెంట అప్పుడే దిగిన పరాయి పిల్లలు ఐదారుగురు, మన పిల్ల ఒకతె. ఆ పిల్ల నోరు తెరిస్తే ప్రశ్నే వస్తుంది. అందుకని క్లాసులో అందరూ ప్రశ్నల పిల్ల అంటారు. పరాయి పిల్లల్లో ఒకడు గుమ్మానికి తల కొట్టుకుంటూ లోపలికి వచ్చాడు. వాడు ఎంత పొడుగంటే ఆ రోజు నుంచి వాడి పేరు పొడుగబ్బాయే.

పొడుగబ్బాయి ఒక పుస్తకం తీసుకుని, బంగారు అక్షరాలు నిమిరి, అట్ట తెరిచాడు. చదివాడు. కనుబొమ్మలు ఎగిరాయి. ఇంకోసారి చదివి పకపకా నవ్వాడు. పక్కవాడికి చూపించాడు, వాడూ నవ్వాడు. ఇంగ్లీషులో ఏదో చెప్తే ప్రశ్నల పిల్ల కూడా నవ్వబోయి అట్టలాయన ముఖం చూసి ఆగింది.

"ఏంటమ్మా? ఏమంటున్నాడు?"

"ఏం లేదంకుల్. వాళ్ళ పుస్తకం అటువైపు నుంచి మొదలవుతుందట. మీరు చివరి పేజీ మీద అట్ట వేశారు. చివరిది ఎనిమిదో పాఠం. వ్యాపారం మొదలుపెట్టడం నేర్చుకుందామని విమానమెక్కి వస్తే, అట్ట తియ్యగానే మర్యాదగా మూసెయ్యడం ఎలాగో చెప్తోంది అంటున్నాడు."

"ఆదిలోనే హంసపాదు" అని మేడమ్ తల పట్టుకుంది. మోగుతున్న ఫోను కూడా ఎత్తలేదు.

అట్టలాయన స్టూలు మీద కూలబడ్డాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళు. ఒక్క పేజీ తారుమారు కాలేదు. వెళ్ళిపోయే ముందు, చిట్టచివరి పనిలో, అదీ పరాయివాళ్ళ ముందు ఇలా జరగాలా అని ఏడుపొచ్చినంత పనైంది.

"అట్టలు మార్చి వేసేస్తాను మేడమ్" అని ఒకటి ఊడదీశాడు. పేరున్న ముందట్ట నిదానంగా లాగితే శుభ్రంగా వచ్చింది. వెనకట్ట మాత్రం పొరలు పొరలుగా విడిపోయింది. అది పాత సరుకు. కొట్టు మూసేవాడు కొత్త సరుకు ఎందుకు కొంటాడు? గోదాములో అడిగితే సోమవారం మధ్యాహ్నం గానీ రావన్నారు. కోర్సు ప్రారంభం సోమవారం పొద్దున పదింటికి. రెండు యూనివర్సిటీల పెద్దలు, వర్తక సంఘాల వాళ్ళు అందరూ వస్తున్నారు.

బల్ల మీద మన పుస్తకం ఒకటి, అట్టలు ఊడిన వాళ్ళ పుస్తకం ఒకటి ఉన్నాయి. ప్రశ్నల పిల్ల ఏమీ తోచక ఆ రెంటినీ ఒకదాని మీద ఒకటి పెట్టింది. అట్టలాయన వాటివైపే చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి లేచాడు. మన పుస్తకం వెనకట్ట కూడా పీకేశాడు. వాళ్ళ పుస్తకాన్ని మన పుస్తకం కిందికి తోసి, రెండు కుట్లూ ఒకే వైపు కలిపి పట్టుకున్నాడు. పైన మన మొదటి పేజీ. మొత్తం తిరగేస్తే వాళ్ళ మొదటి పేజీ.

"వెనకట్టలు లేకపోతే ఏం మేడమ్? వెనకే లేకుండా చేస్తే?"

"అంటే?"

"ఇటు తెరిస్తే మన ముందు, అటు తెరిస్తే వాళ్ళ ముందు. రెండు చివర్లూ మధ్యలో కలుస్తాయి. అన్నీ ముందట్టలే కావాలి, అవి ఎనభై ఉన్నాయి."

మేడమ్ వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుంది. "కానీ అప్పుడు నలభై పుస్తకాలే అవుతాయి. పిల్లలు ఎనభై మంది."

"ఇద్దరికొకటి. కలిసి నేర్చుకోమనే కదా అంత పొడుగు పేరు పెట్టారు?"

"సరే, కానివ్వండి" అంది ఆవిడ.

శనివారం మధ్యాహ్నం నుంచి ఆదివారం సాయంత్రం దాకా పని సాగింది. నవ్వినందుకు సిగ్గుపడి పొడుగబ్బాయి ఉండిపోయాడు. ప్రశ్నలు మిగిలిపోయి ప్రశ్నల పిల్ల ఉండిపోయింది. దారానికి మైనం ఎందుకు? జిగురు మధ్యలోంచి అంచుకే ఎందుకు రాయాలి? రెండు కట్టల మధ్య ఈ పదహారు తెల్ల కాగితాలు ఎందుకు? కుట్లు ఒకదానికొకటి ఒరుసుకోకుండా అని అట్టలాయన చెప్పాడు. అలా చెప్పి చెప్పి ఆయన గొంతు బొంగురుపోయింది. రెండేళ్ళుగా వాడని గొంతు కదా. మొదటి పుస్తకం పూర్తయ్యాక పైకెత్తి నేలకేసి కొడితే పొడుగబ్బాయి ఎగిరి మళ్ళీ గుమ్మానికి తల కొట్టుకున్నాడు. నలభయ్యో పుస్తకాన్ని మాత్రం వాడే అడిగి తీసుకుని, వాడి ఎత్తు నుంచి కొట్టాడు. కుట్టు చెక్కుచెదరలేదు.

సోమవారం ఏం జరిగిందో ప్రశ్నల పిల్ల వచ్చి చెప్పింది. పరాయి దేశం నుంచి వచ్చిన ప్రొఫెసరు, గుబురు మీసాలాయన, పుస్తకాన్ని ఇటు తెరిచి, అటు తెరిచి, మధ్యలోకి వచ్చి, "ఈ ఆలోచన ఏ కమిటీది?" అని అడిగాడట. మేడమ్ దాచకుండా, "గేటు బయట బైండరుది" అందట. ఇక పిల్లల సంగతి. మామూలుగా అయితే మనవాళ్ళు ఒక మూల, వాళ్ళు ఒక మూల కూర్చునేవాళ్ళు, ఆరు వారాల తర్వాత ఫొటోకి మాత్రం కలిసేవాళ్ళు. ఇప్పుడు పుస్తకం ఒకటే అయ్యేసరికి పక్కపక్కన కూర్చోక తప్పలేదు. ఒకరు చదువుతుంటే రెండోవాళ్ళు ఖాళీ. ఖాళీగా ఉన్నవాళ్ళు ఊరుకుంటారా, "ఏం రాశారు అందులో?" అని అడుగుతారు. చెప్పాలి. చెప్పబోతే అర్థంకాలేదని తెలుస్తుంది. తొలివారం పేజీ తిప్పడం దగ్గరే తగువులు. రెండో వారానికి, మధ్యలో ఉన్న తెల్లకాగితాల మీద రెండు భాషల్లో గీతలు, బొమ్మలు, బాణాలు మొదలయ్యాయి.

కోర్సు నియమం ప్రకారం ప్రతి జంటా ఊళ్ళో నడుస్తున్న ఒక వ్యాపారాన్ని ఎంచుకుని, మిగతా నాళ్ళూ అక్కడ కూర్చుని, పని చూసి, దాని భవిష్యత్తుకి ఒక పథకం వెయ్యాలి. మిగతా జంటలు ఐస్‌క్రీం ఫ్యాక్టరీకీ, సెల్‌ఫోన్ల షాపుకీ, పెద్ద బేకరీకీ పరిగెత్తాయి. ప్రశ్నల పిల్ల, పొడుగబ్బాయి వచ్చి అట్టలాయన ముందు నిలబడ్డారు.

"మాకు మీ కొట్టు కావాలంకుల్."

"ఒకటో తారీఖు తర్వాత ఖాళీయే. తీసుకెళ్ళండి."

"అది కాదు, ప్రాజెక్టుకి."

"నడిచే వ్యాపారం కావాలన్నారు కదా తల్లీ. ఇది నడక మానేసి రెండేళ్ళయింది. నేను పలకల షోరూములో చేరుతున్నాను. మాట ఇచ్చేశాను."

ఆ పిల్ల ఇంగ్లీషులోకి మార్చి చెప్పింది. పొడుగబ్బాయి ఆలోచించి ఏదో అన్నాడు. అంటూనే నవ్వాడు.

"ఏమంటాడు?"

"అయితే మనం ఎనిమిదో పాఠం చేద్దాం అంటున్నాడు. మర్యాదగా మూసెయ్యడం."

అట్టలాయనకి ఎందుకో అది నచ్చింది. చచ్చేవాడికైనా మర్యాదగా సాగనంపేవాళ్ళు కావాలి కదా అనుకున్నాడు.

ఎనిమిదో పాఠంలో మొదటి సూత్రం ఏమిటంటే, మూసే ముందు ఎవరి వస్తువు వాళ్ళకి చేర్చాలి. కొట్టులో పైన ఒక అర ఉంది. బైండు చేశాక యజమానులు తీసుకెళ్ళని పుస్తకాలన్నీ అక్కడ ఉంటాయి. పొడుగబ్బాయికి నిచ్చెన అవసరం లేదు కాబట్టి చేతులు చాచి దించాడు. నలభై ఏడు ఉన్నాయి. సగం సిద్ధాంత గ్రంథాలు. ఒకటి ఎవరిదో వంటల నోటుబుక్కు. ఒకటి ఉత్తరాల కట్ట. ఒకటి పిల్లాడి బొమ్మలు, ఆ పిల్లాడికి ఈపాటికి మీసాలు వచ్చి ఉంటాయి. ప్రతిదాని వెనకట్ట లోపల అట్టలాయన పెన్సిలుతో పేరు, ఇచ్చిన రోజు రాసి ఉంచాడు. ఇద్దరూ కూర్చుని ఒక్కొక్కరినీ వెతికి పట్టుకుని కబురు పెట్టారు. కొట్టు మూసేస్తున్నాం, మీ పుస్తకం తీసుకెళ్ళండి.

మూసేస్తున్నాం అనే మాటకి ఎంత మహిమ ఉందో అప్పుడు తెలిసింది. తెరిచి ఉన్నన్నాళ్ళు ఇటు తొంగి చూడనివాళ్ళంతా రావడం మొదలుపెట్టారు. మొదట ఒక బట్టతలాయన వచ్చాడు. పదహారేళ్ళ కిందట గ్రంథం బైండుకిచ్చి, ఆ వారమే గైడుతో పోట్లాడి చదువు మానేశాడట. ఇప్పుడు నర్సరీ నడుపుతున్నాడు. పుస్తకం చేతిలోకి తీసుకుని ఒక్కో పేజీ తిప్పి చూసుకున్నాడు. మర్నాడు మళ్ళీ వచ్చాడు, మొక్కల గురించి ఇరవై ఏళ్ళుగా రాసుకున్న డైరీలు సంచీలో వేసుకుని. "ఇవి కూడా ఒక పుస్తకంలా కుట్టిపెట్టండి, మూసేలోపు" అన్నాడు. ఉత్తరాల కట్ట కోసం ఒక పెద్దావిడ వచ్చింది, వెంట చెల్లెల్ని తీసుకొచ్చింది, చెల్లెలి చేతిలో చిరిగిన నిఘంటువు ఉంది. వంటల నోటుబుక్కు వాళ్ళు ముగ్గురు కోడళ్ళు. అత్తగారి చేతిరాత తమకంటే తమకని గుమ్మంలోనే గొడవ పడ్డారు. ఫొటో తీసి మూడు కాపీలు బైండు చేసిస్తానని అట్టలాయన సంధి కుదిర్చాడు.

మూడో వారానికి గుమ్మం ముందు ముగ్గురు నలుగురు నిలబడి ఉండేవాళ్ళు. కళ్ళజోళ్ళ కొట్టాయన కుర్చీలు వేసి, పనిలో పనిగా వాళ్ళ కళ్ళు కూడా పరీక్షించేశాడు.

"ఒక్క మాట అడగనా అంకుల్?" అంది ప్రశ్నల పిల్ల దారం లాగుతూ. అప్పటికి ఆ పిల్లకీ పొడుగబ్బాయికీ కుట్టు బాగానే పట్టుబడింది. "వీళ్ళలో ఒక్కరైనా యూనివర్సిటీ పిల్లలున్నారా?"

"లేరు."

"మరి ముప్ఫై ఒక్క ఏళ్ళుగా బోర్డు మీద థీసిస్ బైండింగ్ అని మాత్రమే ఎందుకు రాశారు?"

అట్టలాయన చేతిలో సూది ఆగిపోయింది. ఎందుకు రాశాడు? అప్పుడు వాళ్ళే వచ్చేవాళ్ళు కాబట్టి. ఇంకొకరు రావచ్చని తోచలేదు కాబట్టి. ముప్ఫై ఒక్క ఏళ్ళు గేటు వైపే చూశాడు. ఊరు వీపు వెనక ఉంది.

ఆ రోజు పొడుగబ్బాయి, భాష రాకపోయినా, నిచ్చెన లేకుండానే బోర్డు దించి తుడిచాడు. ఏం రాయాలో మాత్రం తేలలేదు. ఒకటో తారీఖున మూసే కొట్టుకి కొత్త బోర్డెందుకని అట్టలాయన వద్దన్నాడు. అన్నాడే గానీ, కొట్టు ఉండాలనిపించింది. అలాంటి కోరిక ఈ వయసులో పుట్టడం ఆయనకే వింతగా, కొంచెం భయంగా కూడా ఉంది. ఇంట్లో మాత్రం బయటపడలేదు. వస్తానన్న నోటితోనే రానని చెప్పడం ఎలా?

ఇరవై ఎనిమిదో తారీఖున పిల్లలు పథకాలు వినిపించారు. కొట్టు కాసేపు చూడమని భార్యని కూర్చోబెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, అట్టలాయన రోడ్డు దాటి యూనివర్సిటీ హాల్లో చివరి వరసలో కూర్చున్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆ గేటు లోపలికి రావడం అదే మొదటిసారి. పని ఎప్పుడూ బయటికే వచ్చింది, ఆయన లోపలికి వెళ్ళే అవసరం పడలేదు.

పొడుగబ్బాయి వాళ్ళ భాషలో, ప్రశ్నల పిల్ల మన భాషలో వంతులేసుకుని చెప్పారు. వాళ్ళ పథకం పేరు మూసెయ్యబోయి తెరిచిన కొట్టు. హాలంతా నవ్వారు. ఇకమీదట ఊళ్ళోవాళ్ళ డైరీలు, ఉత్తరాలు, నోటుబుక్కులు కుట్టాలన్నది ఆ పథకం. చివర్న వర్తక సంఘం పెద్ద ఒకాయన కళ్ళజోడు మీది నుంచి చూసి అడిగాడు.

"బాగానే ఉందమ్మా. విస్తరణ ఏది? ఐదేళ్ళలో ఎన్ని బ్రాంచీలు పెడతారు?"

జీవితంలో మొదటిసారి ప్రశ్నల పిల్లకి జవాబు కావలసి వచ్చింది. చివరి వరసకేసి చూసింది. అట్టలాయన లేచి నిలబడ్డాడు.

"అయ్యా, నాకున్నవి రెండు చేతులు. ఈ నెలరోజుల్లో ఈ పిల్లలిద్దరికీ పని వచ్చింది. ఇప్పుడు ఆరు చేతులయ్యాయి. అందులో రెండు రేపు విమానమెక్కి సముద్రం దాటుతున్నాయి. బ్రాంచీ అంటే ఇంకేం కావాలో నాకు తెలీదండి."

ముందు చప్పట్లు కొట్టింది మీసాల ప్రొఫెసరు. తర్వాత అందరూ కొట్టారు. అలాగని మొదటి బహుమతి వచ్చిందనుకునేరు. రాలేదు. స్కూటరు ఎక్కడ ఆపామో గుర్తుచేసే ఫోను యాప్‌కి మొదటిది, ఐస్‌క్రీంకి రెండోది, వీళ్ళకి మూడోది. న్యాయమూర్తుల్లో ఎక్కువమంది స్కూటర్ల మీద వచ్చి ఉంటారు.

అసలు విషయం తర్వాత జరిగింది. మీసాల ప్రొఫెసరూ మేడమూ కలిసి అట్టలాయన్ని పక్కకి పిలిచారు. వాళ్ళ ప్రాంతంలో బైండింగ్ తెలిసిన ముసలాయన ఒక్కడే మిగిలాడట, నేర్చుకునేవాళ్ళు లేరట. వచ్చే ఏడాది నుంచి కోర్సు మొదటి వారం ఈ కొట్టులోనే పెడతామన్నారు. ప్రతి జంటా తమ పుస్తకం తామే కుట్టుకుని, దాంతో చదువు మొదలుపెట్టాలి. ఇంకో మూడు యూనివర్సిటీలు కూడా ఈ రెండు మొదళ్ళ పుస్తకం అడుగుతున్నాయి. మీరు నేర్పుతారా అని మేడమ్ అడిగింది. ఆశ్చర్యం, అంతసేపూ ఫోను మోగలేదు.

అట్టలాయనకి ఔనని అరవాలని ఉంది. కానీ బావమరిదికిచ్చిన మాట, భార్య ముఖం గుర్తొచ్చాయి. "ఇంట్లో అడిగి చెప్తానండి" అని మాత్రం అన్నాడు.

రోడ్డు దాటుతుంటే దారి పొడుగునా మాటలు కూడబలుక్కున్నాడు. ముందు ఏడాదికి ఒక్క వారమే అని చెప్పాలి. కాదు, ముందు ఆమె తమ్ముణ్ణి మెచ్చుకోవాలి. కాదు, అసలు ఏమీ చెప్పకూడదు, ఇచ్చిన మాట ఇచ్చినట్టు షోరూముకి పోవాలి. అలా మూడుసార్లు మనసు మార్చుకుని గుమ్మం దగ్గరికి వచ్చాడు.

లోపల భార్య ఆయన స్టూలు మీద కూర్చుని ఉంది. ఎదురుగా ఒక టీచరు, చేతిలో కుట్లు ఊడిన అట్లాసు. భార్య మందుల కవరు మీద రాసినట్టే ఒక చీటీ మీద గుండ్రంగా రాసి, చింపి, టీచరు చేతికిచ్చింది. ఆవిడ అట్లాసు బల్ల మీద పెట్టి, థాంక్స్ చెప్పి వెళ్ళిపోయింది.

"ఏం రాసిచ్చావు?"

"ఎప్పుడిస్తారని అడిగింది. గురువారం రమ్మన్నాను."

"ఏ గురువారం?"

"వచ్చే గురువారం. ఐదో తారీఖు."

ఆయన గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. ఒకటో తారీఖు అప్పటికే దాటిపోతుంది, ఐదో తారీఖు నాటికి ఈ తలుపుకి తాళం ఉండాలి. ఆ సంగతి తనకన్నా ఆమెకే బాగా తెలుసు.

"మరి మీ తమ్ముడు..."

"పొద్దున్నే ఫోన్ చేసి చెప్పేశాను, మీరు రారని. నాలుగు పలకలు చూపించడానికి మనిషి దొరక్కపోడు."

"పొద్దున్నా? నేనింకా హాలుకి కూడా వెళ్ళలేదు. వాళ్ళేమంటారో నీకెలా తెలుసు?"

"వాళ్ళేమన్నారో నాకిప్పటికీ తెలీదు." ఆమె లేచి స్టూలు ఆయన వైపు జరిపింది. "నెలరోజులుగా మీరు భోజనం దగ్గర మాట్లాడుతున్నారు. ఆ పొడుగు పిల్లాడు తల కొట్టుకున్నాడని, ముగ్గురు కోడళ్ళు కొట్టుకున్నారని. అంతకు ముందు రెండేళ్ళు ఉప్పు ఇలా ఇవ్వు అని తప్ప ఒక్క మాట లేదు. నేను మూసెయ్యమన్నది కొట్టుని కాదండీ, ఆ మౌనాన్ని."

అట్టలాయన కూర్చున్నాడు. కళ్ళు తుడుచుకోవడానికి కళ్ళజోడు తీశాడు, తీసి చాలాసేపు దాన్నే తుడిచాడు. హాల్లో చప్పట్లు కొట్టినప్పుడు కూడా ఇంత సంతోషం కలగలేదు. చెప్పాల్సింది ఎంతో ఉంది, మీసాలాయన మాట, మూడు యూనివర్సిటీల మాట. చివరికి బల్ల మీది అట్లాసు దగ్గరికి లాక్కుని, "ఏ రంగు అట్ట కావాలంది?" అని అడిగాడు.

"అది అడగలేదు" అంది ఆమె. "ఉండండి, ఇంకా సందు మలుపు తిరిగి ఉండదు" అంటూ చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా రోడ్డు మీదికి పరిగెత్తింది.